వైర్‌మన్ పర్మిటా, సూపర్‌వైజర్ సర్టిఫికెట్టా, కాంట్రాక్టర్ లైసెన్సా: కరెంటు పనిలో ఎవరికి ఏది?

కరెంటు పనిలో ఉన్న కుర్రాళ్ళు "లైసెన్సు తీసుకోవాలి అన్నా" అంటూ ఉంటారు. ఏ లైసెన్సు అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. బయట అందరూ అన్నిటినీ కలిపి లైసెన్సు అనే అంటారు కాబట్టి వాళ్ళని అనడానికేం లేదు. కానీ కాగితం మీద మూడు వేరువేరుగా ఉన్నాయి: వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజర్ కాంపిటెన్సీ సర్టిఫికెట్, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్సు. ఒకటి చేతిలో ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు, పెద్దది ఉంటే చిన్నది అక్కర్లేదనీ కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతిపని చేసుకునేవాళ్ళలో ఎక్కువమందికి ముందు కావాల్సింది వైర్‌మన్ పర్మిట్. కాంట్రాక్టర్ లైసెన్సు తొందర లేదు, వైరింగ్ సరిగ్గా ఉందని మీ సంతకం ఉన్న టెస్ట్ రిపోర్టు కోసం జనం రావడం మొదలయ్యాక చూసుకోవచ్చు. డిప్లొమానో బీటెక్ ఈఈఈనో చదివినవాళ్ళ లెక్క వేరు, వాళ్ళ సంగతి కింద చెప్తాను.

## అసలు రూలు ఏమంటోంది

2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు పెట్టింది. అంతకుముందు 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ రూలుగా ఉన్నదే 2010 నిబంధనల్లో 29వది అయింది, ఇప్పుడు 2023లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ కొనసాగుతోంది. నంబర్లు మారాయి గానీ సారాంశం అదే. ఇంట్లో అయినా షాపులో అయినా ఫ్యాక్టరీలో అయినా కొత్త వైరింగ్, అదనపు పాయింట్లు, మార్పులు, రిపేర్లు చెయ్యాలంటే, రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరు ఆ పని ఒప్పుకోవాలి, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న మనిషి దగ్గరుండి చేయించాలి, పర్మిట్ ఉన్న మనిషి చెయ్యాలి. మూడు కాగితాలు ఎందుకున్నాయో ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

మినహాయింపు కూడా ఉంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి, 250 వోల్టుల లోపు ఇంటి సామాను లాంటివి, లోడు గానీ వైరింగ్ తీరు గానీ మారకుండా పాతది తీసి కొత్తది పెట్టుకోవచ్చు. అంటే పాడైన స్విచ్చి మార్చడానికి ఎవరికీ పర్మిట్ అక్కర్లేదు. అదే బోర్డు నుంచి బాత్రూంలోకి గీజర్ కోసం కొత్తగా 16 యాంప్ పాయింటు లాగితే అది రూలు కిందికి వచ్చేస్తుంది. రోజూ చేసే పనుల్లో సగం ఈ గీతకి అటో ఇటో ఉంటాయి, చేసేవాళ్ళు మాత్రం గీత ఒకటుందనే అనుకోరు.

వాస్తవం ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ఏ కాగితమూ లేకుండా ఏళ్ళ తరబడి ఇళ్ళకి వైరింగ్ చేస్తున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, వాళ్ళలో చెయ్యి తిరిగిన పనివాళ్ళూ ఉన్నారు. మామూలు రోజుల్లో ఎవరూ వచ్చి పర్మిట్ చూపించమనరు. అడిగేది రెండు సందర్భాల్లో. ఒకటి, డిస్కంలో, అంటే కరెంటు సరఫరా చేసే సంస్థలో, కొత్త సర్వీసుకో (కనెక్షనుకో) అదనపు లోడుకో కాగితాలు పెట్టేటప్పుడు. రెండోది, షాక్ కొట్టి ఎవరికైనా ఏదైనా అయినప్పుడు. విద్యుత్ ప్రమాదాల మీద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ విచారణ జరుగుతుంది. అక్కడ పని ఎవరు చేశారు, ఎవరు చేయించారు, పర్మిట్ నంబరు ఎంత అనే ప్రశ్నలు తప్పవు. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద, నిర్లక్ష్యం వల్ల మరణం అని కేసు పెట్టొచ్చు, అందులో ఐదేళ్ళ దాకా జైలు ఉంది. కాగితం ఉన్నంత మాత్రాన ఆ కేసు నుంచి బయటపడిపోరు, కాకపోతే కాగితమే లేనివాడు మొదటి ప్రశ్న దగ్గరే దొరికిపోతాడు.

ఈ మూడూ ఇచ్చేది రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. అది చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వ్యవస్థ కింద నడుస్తుంది, మనవాళ్ళు మామూలుగా సీఈఐజీ ఆఫీసు అంటారు కదా, అదే. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌కీ తెలంగాణకీ బోర్డులు వేరు. డిస్కం ఏఈ ఆఫీసుకి వెళ్ళి పర్మిట్ అడిగితే వాళ్ళేం చెయ్యలేరు, అది వేరే శాఖ.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: మీ సంపాదన మీ చేతుల నుంచి వస్తోందా, మీరు చేయించే పని నుంచి వస్తోందా, లేక మీ పేరు మీద ఒప్పుకున్న పనుల నుంచా? ఇది తేలితే ఏ కాగితం అనేది దానంతటదే తేలిపోతుంది.

తర్వాత చదువు. పదో తరగతితో ఐటీఐ చేశారా, పాలిటెక్నిక్ చేశారా, ఏ సర్టిఫికెట్టూ లేకుండా మేస్త్రీ వెనకాల తిరిగి నేర్చుకున్నారా అనేదాన్ని బట్టి దారులు మారతాయి. బోర్డు దగ్గర రెండు రకాల దారులుంటాయి, చదువు సర్టిఫికెట్లూ అనుభవ పత్రాలూ పెట్టి తెచ్చుకునేది ఒకటి, పరీక్ష రాసి తెచ్చుకునేది ఇంకొకటి. మీకు ఏది వర్తిస్తుందో నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. జిరాక్స్ షాపులో చెప్పింది నమ్మకుండా అది చదవండి.

మూడోది నెలనెలా పడే ఖర్చు. పర్మిట్ ఒక మనిషి కాగితం, జేబులో పెట్టుకుంటే సరిపోతుంది. కాంట్రాక్టర్ లైసెన్సు అలా కాదు, దాని వెనకాల మనుషులు, పరికరాలు, చిరునామా, లెక్కలు అన్నీ ఉండాలి.

నాలుగోది ఎక్కడ పని చేద్దామనుకుంటున్నారనేది. ఇది రాష్ట్రం ఇచ్చే కాగితం. వరంగల్‌లో తీసుకున్నది బెంగళూరులో చెల్లుతుందని అనుకోవద్దు, అక్కడి ప్రభుత్వం గుర్తించాలి. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళకైతే లెక్క పూర్తిగా వేరు.

| చూడాల్సింది | వైర్‌మన్ పర్మిట్ | సూపర్‌వైజర్ సర్టిఫికెట్ | కాంట్రాక్టర్ లైసెన్సు |
|---|---|---|---|
| ఎవరి పేరు మీద | మనిషి | మనిషి | మనిషి లేదా సంస్థ |
| దేనికి అనుమతి | సొంత చేతులతో పని చెయ్యడానికి | దగ్గరుండి చేయించడానికి | పని ఒప్పుకుని, పూర్తయ్యాక రిపోర్టు ఇవ్వడానికి |
| ఎక్కువగా ఎవరు తీసుకుంటారు | ఐటీఐవాళ్ళు, అనుభవంతో పరీక్ష రాసేవాళ్ళు | డిప్లొమా, బీటెక్ ఈఈఈవాళ్ళు, పైకి ఎదిగిన వైర్‌మన్లు | సొంతంగా పనులు పట్టేవాళ్ళు |
| పరికరాలు చూపించాలా | అక్కర్లేదు | అక్కర్లేదు | మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచేది), ఎర్త్ టెస్టర్, టాంగ్ టెస్టర్ (వైరు తెంచకుండా కరెంటు కొలిచేది) లాంటివి ఉండాలి |
| మనుషుల్ని చూపించాలా | అక్కర్లేదు | అక్కర్లేదు | సూపర్‌వైజరు, వైర్‌మన్లు, గ్రేడును బట్టి |
| సర్వీసు కాగితాల మీద సొంత సంతకం చెల్లుతుందా | చెల్లదు | కాంట్రాక్టరు తరఫున మాత్రమే | చెల్లుతుంది |
| వదిలేస్తే నష్టం | రెన్యువల్ మరిస్తే మళ్ళీ తిరగాలి | అంతే | చేతిలో ఉన్న పనులే ఆగిపోతాయి |

## వైర్‌మన్ పర్మిట్

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్ళు, పదో తరగతి పాసై ఉండాలి. వైర్‌మన్ ట్రేడ్ కూడా రెండేళ్ళే, దానికి ఎనిమిదో తరగతి చాలు. ఐటీఐ ఉన్నవాళ్ళు పర్మిట్‌కి వెళ్ళేముందు అప్రెంటిస్‌షిప్ కూడా పూర్తి చేసుకుంటే మంచిది. 1961 అప్రెంటిసెస్ చట్టం కింద ఏ ఫ్యాక్టరీలోనో డిస్కంలోనో చేసి పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. స్టైపెండ్ తక్కువే, మేస్త్రీ దగ్గర రోజుకూలీ అంతకన్నా ఎక్కువ వస్తుంది, అందుకే చాలామంది ఎగ్గొడతారు. కానీ అనుభవం నిరూపించుకోవాల్సిన ప్రతి చోటా ఆ సర్టిఫికెట్ చూపిస్తే మాట్లాడకుండా తీసుకుంటారు. మేస్త్రీ లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన అనుభవ పత్రానికి ఆ బలం ఉండదు, అసలు మన మేస్త్రీల్లో ఎంతమందికి లెటర్‌హెడ్ ఉంటుందంటారు?

ఏ చదువూ లేకుండా పని నేర్చుకున్నవాళ్ళకి పరీక్ష దారి. చెయ్యి తిరిగినవాళ్ళు కూడా తడబడేది "ఎందుకు" అనే దగ్గర. స్టెయిర్‌కేస్ వైరింగ్ కళ్ళు మూసుకుని చేస్తారు. న్యూట్రల్ వైరులో ఫ్యూజు ఎందుకు పెట్టకూడదు అంటే మాత్రం "పెట్టకూడదు అంతే" అంటారు. న్యూట్రల్‌లో ఫ్యూజు ఎగిరితే లైటు ఆరిపోతుంది, కరెంటు పోయిందనుకుని చెయ్యి పెడతాం, కానీ ఫేజు మాత్రం హోల్డరు దాకా అలాగే ఉంటుంది. ఇలాంటివి ఒక పది పదిహేను విడమరచి చెప్పగలిగేలా చదువుకుంటే పరీక్షకి భయపడక్కర్లేదు, పనిలోనూ పనికొస్తాయి.

పర్మిట్‌తో ఏం రాదో కూడా తెలుసుకోవాలి. మీటరు దాకా వచ్చే లైను డిస్కంది. పర్మిట్ ఉంది కదా అని స్తంభం ఎక్కడానికి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వెయ్యడానికి మీకు హక్కు లేదు. పల్లెల్లో పొలం దగ్గర మోటారు ఆగిందంటే లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక ఊళ్ళో ఎవరో ఒకరిని పిలుస్తారు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపేశామనే హామీ) తీసుకోకుండా ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేసి పోయినవాళ్ళ వార్తలు ఏటా చూస్తూనే ఉన్నాం. "నీకు లైసెన్సు ఉంది కదరా" అని ఎవరన్నా సరే, ఆ పని ఒప్పుకోకండి.

ఇంకొక సంగతి, రూలు ప్రకారం ఒంటరి వైర్‌మన్ సొంతంగా పూర్తి వైరింగ్ ఒప్పుకోవడానికి లేదు, కాంట్రాక్టరు కింద చెయ్యాలి. నిజజీవితంలో పాయింటు రేటు మాట్లాడుకుని ఇళ్ళు ఒప్పుకునే పర్మిట్‌దారులు బోలెడుమంది. వాళ్ళు చేసేదేమిటంటే, పని తాము చేసి, సర్వీసు కాగితాలకి తెలిసిన కాంట్రాక్టరు చేత టెస్ట్ చేయించి రిపోర్టు తీసుకుంటారు. కాంట్రాక్టరు నిజంగా వచ్చి చూస్తే ఇది నడిచే పద్ధతే. రాకుండా సంతకం పెడితేనే తంటా.

## సూపర్‌వైజర్ సర్టిఫికెట్

పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ ఎలక్ట్రికల్ డిప్లొమా, లేదా బీటెక్ ఈఈఈ చేసి ఖాళీగా ఉన్నవాళ్ళు దీన్ని పట్టించుకోరు, నాకు ఆశ్చర్యం వేసేది అక్కడే. సాఫ్ట్‌వేర్ కోర్సుకి అమీర్‌పేటలో ఫీజు కట్టడానికి వెనకాడరు గానీ, తమ చదువుకి నేరుగా విలువ ఇచ్చే ఈ సర్టిఫికెట్ ఉందని చాలామందికి తెలియదు. ప్రతి కాంట్రాక్టరుకీ లైసెన్సు నిలబడాలంటే సూపర్‌వైజరు కావాలి. పెద్ద అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, కోల్డ్ స్టోరేజీలు, సోలార్ ప్లాంట్లు, ఎక్కడ హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసు ఉంటే అక్కడ ఈ సర్టిఫికెట్ ఉన్న మనిషిని అడుగుతారు.

చిక్కేమిటంటే జీతం మొదట్లో పెద్దగా ఉండదు, సైటులో ఎండలో నిలబడాలి, మీకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాడైన వైర్‌మన్‌కి పని చెప్పాలి. పుస్తకం చదువుతో వెళ్ళి ఆయన ముందు దర్జా చూపిస్తే మొదటి వారంలోనే ఆట పట్టిస్తారు. "బాబాయ్, ఇదెలా చేస్తారు మీరు" అని అడిగి నేర్చుకున్నవాళ్ళు నిలబడతారు.

ఐటీఐతో మొదలుపెట్టి కొన్నేళ్ళు పర్మిట్ మీద పని చేసినవాళ్ళకి కూడా పరీక్ష ద్వారా సూపర్‌వైజరు అయ్యే దారి ఉంటుంది. ముప్పై దాటాక, గోడలకి గాడులు కొట్టడం, నిచ్చెనలెక్కడం ఒంటికి భారమవుతున్నప్పుడు ఇది మంచి మెట్టు.

## కాంట్రాక్టర్ లైసెన్సు

అందరి కళ్ళూ దీని మీదే. అందుకే కాస్త ఎక్కువ చెప్తాను.

దీంట్లో గ్రేడులుంటాయి. కింది గ్రేడు ఎల్‌టీ (లో టెన్షన్) పనుల వరకు, పై గ్రేడుకి వెళ్ళేకొద్దీ ఎక్కువ వోల్టేజీ పనులు, ఎక్కువ మంది సిబ్బంది, ఎక్కువ పరికరాలు, ఆర్థిక స్తోమత చూపించే కాగితాలు. డిస్కం టెండర్లలో చాలా వాటికి 'ఎ' గ్రేడ్, అంటే పై గ్రేడు, లైసెన్సు అడుగుతారు. ఇళ్ళు, చిన్న షాపుల పని చేసేవాళ్ళు పై గ్రేడు కోసం పరుగెత్తడం వృథా ఖర్చు. అప్లికేషన్‌లో సూపర్‌వైజరు పేరు, వైర్‌మన్ల పర్మిట్లు, మెగ్గర్ లాంటి పరికరాల బిల్లులు, ఆఫీసు చిరునామా అన్నీ చూపించాలి. మీకే సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉంటే బయట మనిషిని వెతుక్కుని జీతం ఇచ్చే బాధ చాలావరకు తగ్గుతుంది. కాంట్రాక్టరు కావాలనుకునేవాళ్ళని ముందు సూపర్‌వైజర్ పరీక్ష రాయమని నేను చెప్పేది అందుకే.

ఇంతకీ ఆ సంతకం దేని మీద? ఇల్లు పూర్తయ్యాక సర్వీసు కోసం కాంట్రాక్టరు ఇచ్చే టెస్ట్ రిపోర్టులో వైరింగ్ ఇన్సులేషన్ ఎంత, ఎర్త్ ఎంత, ఎన్ని సర్క్యూట్లు, ఎంత లోడు అని రాయాలి. 500 వోల్టుల మెగ్గర్ పెట్టి, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య నిమిషం పాటు చూస్తే కనీసం ఒక మెగా ఓమ్ చూపించాలి. కొత్త ఇంట్లో మంచి వైరు వేస్తే అంతకన్నా చాలా ఎక్కువే వస్తుంది, తక్కువ వచ్చిందంటే ఎక్కడో పైపులో నీళ్ళు నిలిచాయనో, లాగేటప్పుడు వైరు తోలు లేచిందనో అర్థం. నేను ఎక్కువగా చూసే తప్పు ఇంకొకటి ఉంది. ఎవరో ఒక బోర్డులో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేస్తారు. 30 మిల్లీ యాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కి లీకైతే సప్లై ఆపేసే స్విచ్చి) పెట్టగానే ఫ్యాను వేస్తే ట్రిప్, ఫ్రిజ్ పెడితే ట్రిప్. ఇంటాయన విసుక్కుంటాడు, ఆర్‌సీసీబీ పాడైందంటారు, చివరికి దాన్ని బైపాస్ చేసేస్తారు. తప్పు చూపించిన పరికరాన్నే తీసి పక్కన పెట్టి, ఆ ఇంటికి "అన్నీ సరిగ్గా ఉన్నాయి" అని ఒక కాంట్రాక్టరు సంతకం పెడతాడు. రేపు ఆ ఇంట్లో వాషింగ్ మెషీన్ దగ్గర ఎవరికైనా షాక్ కొడితే బైటికి తీసే కాగితం ఆ రిపోర్టే.

అందుకే ఈ లైసెన్సుని హోదాగా చూడకండి, ఇది పూచీకత్తు.

దీంతో తెరుచుకునే తలుపులు మాత్రం నిజంగా పెద్దవి. కొత్త లైను, ట్రాన్స్‌ఫార్మర్ లాంటివి డిస్కం చేత కాకుండా వినియోగదారుడే లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతో చేయించుకుని, డిస్కంకి సూపర్‌విజన్ చార్జీలు కట్టే టర్న్‌కీ పద్ధతి ఉంది, వెంచర్లలో, అపార్ట్‌మెంట్లలో ఇది బాగా నడుస్తుంది. 15 మీటర్ల ఎత్తు దాటిన భవనాలకీ, హెచ్‌టీ సర్వీసులకీ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి కావాలి, ఆ డ్రాయింగులు, తనిఖీలు నడిపించేది కాంట్రాక్టరే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, దాంతో ఊళ్ళలో కూడా పైకప్పు సోలార్ పని పెరిగింది. దానికి వెండర్‌గా నమోదు కావడం వేరే తతంగం, బ్యాంకు గ్యారంటీ కూడా అడుగుతారు. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళు ముందు ఏదైనా వెండరు దగ్గర ఇన్‌స్టలేషన్ పని పట్టుకుంటే మంచిది.

ఏడాదికి మీరు చేసే పని 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు. దాటకపోయినా, పెద్ద బిల్డర్లు జీఎస్టీ నంబరు లేనివాళ్ళకి పని ఇవ్వడానికి నసుగుతారు. ఇది కూడా లెక్కలో వేసుకోండి.

### పేరు అద్దెకివ్వడం, పేరు అద్దెకి తీసుకోవడం

దీని గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. డిప్లొమా కుర్రాళ్ళు సూపర్‌వైజర్ సర్టిఫికెట్ తీసుకుని, అప్లికేషన్‌లో చూపించుకోవడానికి ఏదో కాంట్రాక్టరుకి ఇచ్చేసి, ఏడాదికి కొంత డబ్బు తీసుకుని వేరే ఉద్యోగం చేసుకుంటారు. పర్మిట్ ఉన్నవాళ్ళూ అంతే. తేలిగ్గా వచ్చే డబ్బులా కనిపిస్తుంది. కానీ ఆ కాంట్రాక్టరు ఏ సైటులో ఏం చేస్తున్నాడో మీకు తెలియదు, అక్కడ ప్రమాదం జరిగితే దగ్గరుండి చేయించినట్టు కాగితం మీద ఉన్నది మాత్రం మీ పేరు. పైగా ఒక మనిషిని ఒక లైసెన్సు కిందే చూపించాలి. రేపు మీరే సొంతంగా లైసెన్సుకి వెళ్ళినప్పుడు, మీ పేరు ఇంకా పాతాయన కింద ఉందంటారు, ఆయనేమో రిలీవింగ్ లెటర్ ఇవ్వకుండా తిప్పుతాడు. ఫోన్ ఎత్తడు కూడా.

అద్దెకి తీసుకునే కాంట్రాక్టరుకీ సుఖం లేదు. ఆ సూపర్‌వైజరు దుబాయ్ వెళ్ళిపోయాడని తెలిసేది రెన్యువల్ రోజే.

## గల్ఫ్, డిస్కం ఉద్యోగం

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు, గోదావరి జిల్లాల్లో చాలామంది గల్ఫ్ లెక్కే వేసుకుంటారు. అక్కడ మన వైర్‌మన్ పర్మిట్ చూపిస్తే పెద్దగా లాభం లేదు, ఐటీఐ సర్టిఫికెట్, అనుభవ పత్రాలు, వాటికి అటెస్టేషన్ అడుగుతారు. సౌదీకి వెళ్ళే ఎలక్ట్రీషియన్లకి స్కిల్ వెరిఫికేషన్ ప్రోగ్రామ్ అని ఒక పరీక్ష ఉంది, అది మన దేశంలోనే రాసి వెళ్ళాలి. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర తప్పుతుంది, ఎమిగ్రేషన్ క్లియరెన్సు పని ఉండదు, కాబట్టి పది ఫెయిలైనవాళ్ళు ఓపెన్ స్కూల్లో అయినా కట్టుకోవడం మంచిది. రెండేళ్ళు పోయి వద్దామనుకునేవాళ్ళు కూడా వెళ్ళేముందు ఇక్కడి పర్మిట్ తీసి పెట్టుకుంటే వచ్చాక ఖాళీగా కూర్చోరు. రెన్యువల్ తేదీ ఇంట్లో ఎవరికైనా చెప్పి వెళ్ళండి.

ఇక డిస్కంలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగమే లక్ష్యం అయితే చూడాల్సింది ఐటీఐ సర్టిఫికెట్. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులు వేసినప్పుడు కూడా ఐటీఐ ఎలక్ట్రికల్, వైర్‌మన్ ట్రేడ్ అడిగారు, స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. దానికి పర్మిట్ మీద డబ్బు, టైమ్ పెట్టే బదులు స్తంభం ఎక్కడం ప్రాక్టీసు చేసుకోండి.

## మరి మీరు ఎవరు?

ఐటీఐ చేసి ఇరవై, ఇరవై రెండేళ్ళ వయసులో ఉన్నవాళ్ళు: అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసి వైర్‌మన్ పర్మిట్. ఒక మెగ్గర్ కొనుక్కుని వాడడం అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది. కాంట్రాక్టర్ లైసెన్సు గురించి మూడు నాలుగేళ్ళు ఆలోచించకండి.

చదువు లేకుండా పదేళ్ళుగా పని చేస్తున్నవాళ్ళు: పరీక్ష దారిలో పర్మిట్. "ఇన్నేళ్ళు లేకుండా నడిచింది కదా" అంటారు, నిజమే, నడిచింది. కానీ ఇప్పుడు బిల్డర్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పర్మిట్ జిరాక్సు అడగడం మొదలుపెట్టాయి. చదవడం కష్టమనిపిస్తే హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లాంటి చోట్ల చిన్న కోర్సులున్నాయి. వాటి సర్టిఫికెట్టే పర్మిట్ అనుకోవద్దు గానీ, థియరీ పట్టు దొరుకుతుంది.

డిప్లొమా, బీటెక్‌వాళ్ళు: నేరుగా సూపర్‌వైజర్ సర్టిఫికెట్. సొంత వ్యాపారం ఆలోచన ఉంటే ఒక మంచి కాంట్రాక్టరు దగ్గర నిజంగా సైటులో ఉండి పని చూడండి, ఎస్టిమేట్లు ఎలా వేస్తారు, బిల్లు ఎందుకు ఆగుతుంది, ఇన్‌స్పెక్షన్‌లో ఏం పట్టుకుంటారు అన్నీ అక్కడే తెలుస్తాయి.

ఇప్పటికే పది మందిని పెట్టుకుని ఇళ్ళ పనులు పడుతున్న మేస్త్రీలు: మీకు మాత్రం కాంట్రాక్టర్ లైసెన్సు ఇప్పుడే కావాలి. ప్రతి ఇంటికీ ఎవరి సంతకం కోసమో తిరిగి, వాళ్ళకి డబ్బులిచ్చి, బాధ్యత మాత్రం మీ మీదే ఉంచుకోవడంలో అర్థం లేదు. మీ దగ్గర ఉన్న కుర్రాళ్ళలో ఇద్దరు ముగ్గురి చేత ముందు పర్మిట్లు తీయించండి, కింది గ్రేడుతో మొదలుపెట్టండి. కుర్రాడు పర్మిట్ వచ్చాక వెళ్ళిపోతాడేమో అని భయపడి తీయించని మేస్త్రీలున్నారు. కూలీ సరిగ్గా ఇస్తే వెళ్ళడు, ఇవ్వకపోతే పర్మిట్ లేకుండానే వెళ్ళిపోతాడు.

ఇల్లు కట్టుకునేవాళ్ళు కూడా ఇది చదువుతుంటే ఒక మాట: పాయింటుకి ఎంత అనే బేరం మొదలుపెట్టకముందే టెస్ట్ రిపోర్టు ఎవరు ఇస్తారో, ఆ లైసెన్సు గడువు ఎప్పటివరకో అడగండి. అంతా పూర్తయ్యాక కాదు, వైర్లు లాగిన రోజునే మెగ్గర్ పెట్టి చూపించమనండి, అప్పుడైతే ఎక్కడ లోపముందో దొరుకుతుంది.

అప్లికేషన్ పెట్టేవాళ్ళకి ఆఖరుగా. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలాగే ఉందో లేదో చూసుకోండి, ఒకదాంట్లో పూర్తిగా, ఒకదాంట్లో అక్షరం మాత్రమే ఉండి తిరస్కరణకి గురైనవాళ్ళు బోలెడు. అనుభవ పత్రం ఇచ్చే కాంట్రాక్టరు లైసెన్సు మీరు పని చేసిన కాలమంతా చెల్లుబాటులో ఉండాలి, ఆ కాపీ కూడా జత చెయ్యండి. రెన్యువల్‌కి గడువు తేదీ దాకా ఆగకుండా ముందే పెట్టండి, చలానా రసీదు ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి.